నాయన మోకాటి చిప్ప

మోకాటి చిప్ప ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదు. దాని వెనకాలే తొడ ఎముక కింది కొస ఉంటాది గదా, ఆ తెలుపులో ఇది కలిసిపోతాది. మనిషిని పక్కకు తిప్పి తీస్తేనే చిప్ప విడిగా తేలుతాది. ఈ ముక్క రోజుకు పదిసార్లు చెప్తా నేను.

"పక్కకు తిరుగన్నా."

"ఇప్పుడే గదమ్మా ఒకటి తీసినావు. ఇంగోటి ఎందుకు?"

"తిరగమంటే తిరుగు. పెండ్లిచూపులకు పంపే ఫోటో అనుకుంటాండావా, ఒకటి చాల్లే అనేదానికి?"

ఇట్లా ఉంటాది నా నోరు. మంచిది కాదని నాకూ తెలుసు. నంద్యాలలో ఒక ఎముకల ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే పని నాది. పదహైదేండ్లుగా ఇదే పని. నిలబడి, తిరుగుతా చేసేది కాబట్టి నాకు సరిపోయింది. కూర్చోమంటే నా వల్ల కాదు. అన్నం తినేటప్పుడు కూడా రెండుసార్లు లేస్తా. కాలు కాలిన పిల్లి మాదిరి ఏందే ఆ తిరుగుడు అని మా అమ్మ చిన్నప్పటినుంచి తిడతానే ఉండాది. మా ఇంటాయన తిట్టడం మానేసి, నేను లేచినప్పుడల్లా నీళ్లు తెమ్మని చెప్పడం నేర్చుకున్నాడు.

నా దగ్గరికి వచ్చేటివి ఎక్కువగా కాళ్లే. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. లోపలి పక్కది పెద్దది, బయటి పక్కది సన్నది. ఒంటి బరువు మోసేది పెద్దెముకే. దాని ముందు అంచు మీద కండ లేదు, చర్మం తీస్తే ఎముకే. మంచంకోడు తగిలితే ప్రాణం పోయినట్టు ఉండేది అందుకే. హైవే మీద బండి జారి పడినోళ్లకు ఆ అంచు దగ్గరే ఎముక విరిగి చర్మం చీల్చుకోని బయటికొస్తాది. దుమ్ము, మన్ను, ప్యాంటు గుడ్డముక్కలు, అన్నీ ఆ పుండులో ఉంటాయి. అట్లాంటివి వచ్చినప్పుడు నేను నోరు మూసుకోని పని చేస్తా.

పాములపాడు నుంచి ఒకాయన వచ్చినాడు, ట్రాక్టరు మీద గడ్డిమోపుల పైన కూర్చోనుంటే జారి నిట్టనిలువుగా కాళ్ల మీద పడినాడంట. పెద్దెముక పైకొస, తొడ ఎముక వచ్చి ఆనుకునే చోటు, బల్ల మాదిరి చదునుగా ఉంటాది. ఆయనకు అది ఒక పక్క కుంగిపోయింది. సున్నిపెంట నుంచి వచ్చినాయన కారు ముందు సీట్లో కూర్చోనుంటే బ్రేకు పడి మోకాలు పోయి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. చిప్ప ఐదారు ముక్కలు. కొలిమిగుండ్ల పక్క పల్లె నుంచి వచ్చిన ఆమెది సన్నెముక. చీలమండకు బయటి పక్కన గుబ్బ ఉంటాది చూడండి, అది సన్నెముక కొసే. చేనుగట్టు మీద కాలు మెలిపడి ఆ గుబ్బ విరిగింది. విరిగినాక నాలుగు దినాలు పత్తి తీసింది ఆ తల్లి.

"నడుస్తాండా గదమ్మా. విరిగింటే నడుస్తానా?" అని నా మీదే ఎగిరింది.

విరిగినా నడవొచ్చు. ఈ మాట పెద్ద అక్షరాలతో బస్టాండు గోడ మీద రాయించాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

చిప్ప సంగతి ఇంకా వేరు. అది ఏ ఎముకకూ అతుక్కోని ఉండదు. తొడ ముందు కండ గట్టి పట్టెడ మాదిరి కిందికి దిగి, చిప్పను తనలో ఇముడ్చుకోని, ఆడినుంచి పోయి పెద్దెముకకు తగులుకుంటాది. కాలు చాపాలన్నా, కూర్చున్న చోటునుంచి లేవాలన్నా ఆ కండ లాగాల. అది లాగేటప్పుడు చిప్ప గిలక చేసే పని చేస్తాది. అందుకే చిప్ప అడ్డంగా చీలితే పై ముక్కను తొడకండ పైకి లాక్కోని పోతాది, కింది ముక్క కిందనే ఉండిపోతాది, మనిషి కాలు ఎత్తలేడు. అయితే ఒక్కోసారి చిప్ప చీలుతాది గానీ దాని మీద, పక్కన ఉన్న పొరలు చినగవు. ముక్కలు యాడివి ఆడ్నే ఉంటాయి. మనిషి కుంటుకుంటా తిరుగుతాడు. ఆ దశలో కనిపెట్టి కాలు చాపి కట్టు కడితే చాలు, ఆరు వారాల్లో అతుక్కుంటాది. కోతా లేదు, కుట్టూ లేదు.

ఇదంతా నాకు బాగా తెలుసు. తెలుసని చెప్పేదానికే ఇంత సేపు చెప్పినా. తెలియక చేసినోళ్ల పాపం వేరు, నాది వేరు.

మాది ఆళ్లగడ్డ. రాతిపని చేసే ఇంట్లో పుట్టినా. మా నాయన విగ్రహాలు చెక్కుతాడు. రోడ్డు పక్క రేకుల షెడ్డు, దాంట్లో నాయన, మా చిన్నాయన, ఇంకో ఇద్దరు పనోళ్లు. పెద్ద విగ్రహాలను పడుకోబెట్టి చెక్కుతారు. వాటి పక్కన నేల మీద సక్లముక్లం వేసుకోనో, ఒక మోకాలు ఎత్తి ఒకటి మడిచో, గొంతుక్కూర్చోనో పని చేయాల. ఇప్పుడు మిషన్లొచ్చినాయి, మొరటు పనంతా అవే కోస్తాయి. కానీ ముఖం, వేళ్లు, గోర్లు వచ్చేసరికి ఉలీ సుత్తే కావాల, నేలా కావాల. నాయన ఇంట్లో కూడా కుర్చీలో కూర్చునే మనిషి కాదు.

రాయి కొనేముందు నాయన సుత్తెతో తట్టి చెవి పెట్టి వింటాడు. రాయి మోగే తీరును పలుకు అంటారు మావాళ్లు. గంట మాదిరి ఖంగున మోగితే ఒక జాతి, కంచుతాళం మాదిరి మెత్తగా మోగితే ఇంకో జాతి, ఏమీ మోగకుండా దబ్బుమంటే దాన్ని విగ్రహానికి ముట్టరు. లోపల వెంట్రుకంత పగులున్నా పలుకు మారతాది. కండ్లకు కనపడని పగుళ్లు నాయన చెవికి దొరికేవి. చుట్టుపక్కల షెడ్లవాళ్లు రాయి కొనాలన్నా నాయనను పిలుచుకోని పోతారు.

చిక్కు ఏందంటే, మా వీధిలో రాయికి చేసిందే మనిషికీ చేస్తారు. ఎవురన్నా పడితే, కాలి మీద రాయి పడితే, మొదట చేసేది తట్టడం. ఉలి వెనక కొసతో ఎముక మీద ఒక పక్క తడతారు, ఇంకో పక్క చెవి పెట్టి వింటారు. "పలుకు బాగుండాది, పో" అంటే అయిపోయినట్టే, ఇంగ ఆస్పత్రి మాట లేదు. నేను పదేండ్ల పిల్లగా ఉన్నప్పుడు మెట్ల మీంచి పడితే నాయన నా మోచేతి మీద గోటితో తట్టి, మణికట్టు దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఏం కాలేదన్నాడు, నిజంగానే ఏం కాలేదు. సగం సార్లు వాళ్ల మాట నిజమవుతాది, అదే కొంప ముంచేది. మా ఎముకల డాక్టరును అడిగితే, పొడుగెముకల విషయంలో వెనకటి డాక్టర్లు కూడా అట్లా తట్టి వినేవాళ్లమ్మా అన్నాడు. కానీ చిప్ప పొడుగెముకనా? కండలో కూరుకోనుండే గులకరాయి అది, తడితే ఏం పలుకుతాది?

నేను ఈ చదువుకు పోయినప్పుడు నాయన నవ్వినాడు. "ఎముకల ఫోటోలు తీసేదానికి గూడా చదువా?" అన్నాడు. ఉద్యోగం వచ్చినాక కూడా ఎవురన్నా అడిగితే, "మా పాప నంద్యాలలో ఫోటోలు తీస్తాదిలే" అనేవాడు. ఆయన దృష్టిలో అది వెక్కిరింపు కాదేమో. నాకు మాత్రం కాల్లో ముల్లు మాదిరి గుచ్చుకోని ఉండిపోయింది.

పోయిన చలికాలం నాయన ఆరడుగుల ఆంజనేయుణ్ణి చెక్కుతాండాడు. నల్లరాయి. ఒక పొద్దు విగ్రహం మీంచి కిందికి దిగుతా రాతిపెళ్లల మీద కాలు పెట్టినాడు. అవి జారె. మోకాలు పోయి పక్కనున్న బండ అంచుకు కొట్టుకుంది. చిన్నాయన పరిగెత్తి వచ్చి లేపి కూర్చోబెట్టి, ఏం చేసింటాడు? ఉలి తిప్పి చిప్ప మీద తట్టినాడు, కాలి ముందెముక మీద చెవి పెట్టినాడు.

"పలుకు బాగుండాదన్నా."

అయిపోయె. పసుపు, సున్నం కలిపి పట్టు వేసినారు. నాకు ఎవరూ ఫోన్ చేయలా.

నాలుగో దినం ఆదివారం. నేను వంటింట్లో ఉండా, తలుపు కొట్టినారు. చూస్తే నాయన. తెల్లపంచె, భుజాన తువ్వాల, చేతిలో చిన్న సంచి.

"ఏంది నాయనా, చెప్పా పెట్టకుండా?"

"ఈ పక్క పనుండి వచ్చినాలే."

"ఏం పని?"

"ఏందో ఒకటి. నీళ్లీ."

కుంటుతా వచ్చినాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నాయన కుర్చీలో కూర్చున్నాడని నేను చూసినా. నేను చూసేది ఆయనా చూసినాడు. పంచె కింద ఆ మోకాలు రెండో మోకాలికి ఒకటిన్నర ఉండాది. ఏమైందని అడిగితే, "పడినాలే. మీ చిన్నాయన తట్టి చూసినాడు. పలుకు బాగుండాదంట" అన్నాడు.

ఆ పలుకు అనే మాట వినేసరికి నాకు ఒళ్లు మండింది. ఎముక లోపలేముందో చెప్పేదానికి పదహైదేండ్లుగా గవర్నమెంటు సర్టిఫికెట్ పెట్టుకోని ఈడ ఒకతె కూర్చోనుంటే, ఉలి కొస మాట ముందు!

"ఓహో! ఇంగేం మరి. మీ చెవులుండంగా మా మిషన్లెందుకు?" అన్నా.

నాయన "ఊ" అన్నాడు. అంతే.

అన్నం పెట్టినా. కుర్చీలోనే తిన్నాడు, తట్ట చేతిలో పెట్టుకోని. చేయి కడుక్కునేదానికి లేచేటప్పుడు బల్ల పట్టుకోని, ఆ కాలు కట్టె మాదిరి చాపి పెట్టి, రెండో కాలి మీద బరువేసి లేచినాడు. ఆ లేవడం నాకు తెలుసు. రోజూ చూస్తా. చిప్ప చీలినోళ్లు అట్లానే లేస్తారు. నాకు అప్పుడే తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసిపోయింది.

మా ఆస్పత్రి ఇంటికి రెండు వీధుల దూరం. ఐదు నిమిషాల పని. "పా నాయనా, పోయి ఒకటి తీసి చూద్దాం" అనే మాట నాలిక చివర్న ఉండాది. అనలా. నేను అనకూడదు, ఆయనే అడగాల అనుకున్నా. ఒక్కసారి, జన్మకు ఒక్కసారి, "నీ మిషన్‌తో చూడమ్మా" అని నాయన నోటితో అడగాల. అప్పుడు పోదాం. అట్లా అనుకోని అంట్లు దబదబా కడగబట్టినా.

నాయన మామూలు కంటే ఎక్కువ సేపే కూర్చున్నాడు. క్యాలెండరు చూసినాడు. గోడలు చూసినాడు.

"ఆదివారం గూడా మీ ఆస్పత్రి ఉంటాదా?"

"ఉంటాది. ఎందుకు?"

"ఊరికేలే."

నేను గిన్నెలు సర్దబట్టినా. ఇంకాసేపటికి, "బస్సుకు టైమయింది" అని లేచినాడు. ఆటోలో బస్టాండుకు నేనే పిలుచుకోని పోయినా. ఆళ్లగడ్డ బస్సు మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టి, ఆ కాలిని చేత్తో పట్టుకోని పైకి లాక్కున్నాడు. అది కూడా చూసినా. కిటికీ దగ్గర కూర్చోని చేయెత్తినాడు, నేనూ ఎత్తినా, బస్సు పోయింది.

ఆ తర్వాత నాలుగు దినాలు నేను పడిన అవస్థ ఎవరికీ చెప్పలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి మా నాయన అని తిట్టుకుంటా, నేనేం తక్కువనా అని నన్ను నేను తిట్టుకుంటా తిరిగినా. డ్యూటీలో ఎవరి మోకాలు తీసినా అది నాయనదే అనిపించేది. రెండుసార్లు ఒకరి ఎక్స్‌రే ఇంకొకరి పేరు మీద పెట్టబోయి ఆగినా. అమ్మకు పూటపూటకూ ఫోన్ చేసినా. "నాయన ఎట్లుండాడు?" "తిరుగుతాండాడు గదా, ఆయనకేం?" తిరుగుతాండాడు. ఆ కొలిమిగుండ్ల ఆమె కూడా తిరిగింది. శుక్రవారం సెలవు పెట్టి పోయి లాక్కోని రావాల, నవ్వితే నవ్వనీ అనుకున్నా. అనుకుంటే నాకు కొంచెం ఊపిరాడింది.

గురువారమే అయిపోయింది. ఆంజనేయుడి కాలివేళ్లు మిగిలుంటే నాయన ఆపుకోలేక పోయి గొంతుక్కూర్చున్నాడంట. వేళ్ల సందులు తీసినాడు. లేవబోయినాడు. టప్పుమని శబ్దం వచ్చింది, పక్క షెడ్డు వరకూ వినపడిందన్నారు. చిన్నాయన నాతో తర్వాత చెప్పినాడు, "ఇన్ని రాళ్లు పగిలేది విన్నా గానీ మే, ఆ శబ్దం మాత్రం చెవిలోనుంచి పోతాలేదు" అని. చెప్తా చెప్తా ఏడ్చినాడు. ఆయన్ను ఏమీ అనలేకపోయినా. తట్టింది ఆయనే, కానీ ఆయనకు తెలియదు గదా.

కారులో పడుకోబెట్టుకోని తీసుకొచ్చినారు. శిరివెళ్ల దాటినాక ఫోన్ చేసినారు. నాతో పనిచేసే అమ్మాయి, "నేను తీస్తాలే అక్కా, నువ్వు కూర్చో" అనింది. నేనే తీసినా. కాలు పక్కకు తిప్పేటప్పుడు నాయన పళ్లు కొరుక్కున్నాడు.

"కదలాకు నాయనా."

"కదిలే ఓపిక యాడుండాది?"

స్క్రీన్ మీద చిప్ప రెండు ముక్కలు. ఒకటి కింద, ఒకటి పైకెక్కి తొడ ఎముక మీద. మధ్యలో నా బొటనవేలు పట్టేంత సందు. నాలుగు దినాల ముందు ఆ సందు లేదు. గీత ఉండుంటాది, సందు లేదు.

డాక్టరు చూసినాడు, మోకాలి చుట్టూ పచ్చబడిన కమిలిన చర్మం కూడా చూసినాడు. "ఇది ఈ పొద్దు దెబ్బ కాదు. వారం ముందే చీలింది, ఈ పొద్దు విడిపోయింది. ఎక్స్‌రే తీసే మనిషిని ఇంట్లో పెట్టుకోని వారం ఎట్లా తిరిగినావు పెద్దాయనా?" అన్నాడు.

నాయన నా దిక్కు చూడలేదు. "నాదే తప్పు. నేనే ఎవరికీ చెప్పలా" అన్నాడు. నేను నిలబడి వింటాండా.

ఆపరేషన్ అంటే నాయన అడ్డం తిరిగినాడు. నొప్పికి భయపడే మనిషి కాదు, ఆయనకు అతుకు మీద నమ్మకం లేదు. "రెండు కడ్డీలు గుచ్చి, తీగె చుట్టి బిగిస్తారా? ఏం మాట సామీ అది! విగ్రహానికి గోరంత పెచ్చు ఎగిరినా భిన్నమైందని నీళ్లల్లో వదిలేస్తాం. తీగె చుట్టి నిలబెట్టి ఎవురన్నా పూజ చేస్తారా?"

"రాయి పెరగదు పెద్దాయనా. ఎముక పెరుగుతాది, దాన్ని అదే పూడ్చుకుంటాది" అన్నాడు డాక్టరు.

"అరవై రెండేండ్లు నాకు. ఇంగ యాడ పెరుగుతాది?"

చివరికి అమ్మ వచ్చి, "నోరు మూసుకోని పడుకో" అంటే పడుకున్నాడు. ఆపరేషన్ అయినాక ఎక్స్‌రే చూపిస్తే చాలాసేపు చూసినాడు. ఎనిమిది అంకె మాదిరి తిప్పి, కొస మెలేసి మడిచిన తీగెను వేలితో చూపిచ్చి, "ఎవురో గానీ పనితనముండాది" అన్నాడు.

కష్టం ఆ తర్వాత మొదలైంది. చిప్పను అతికించడం ఒకెత్తు, మోకాలు వంచడం ఒకెత్తు. వంచకుండా పెట్టుకుంటే అది బిగుసుకోనిపోతాది. కుర్చీలో కూర్చునేదానికి తొంభై డిగ్రీలు చాలు. నేల మీద సక్లముక్లం వేసుకోవాలంటే నూటముప్పై దాటాల, గొంతుక్కూర్చోవాలంటే ఇంకా. నాయన బతుకంతా ఆ తొంభైకి, నూటముప్పైకి మధ్యన ఉండాది.

ప్రతి ఆదివారం ఆళ్లగడ్డకు పోయినా. నాయనను బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకోని పిరుదు దిక్కు వంచేది. మా ఆస్పత్రిలో వ్యాయామం చేయించే ఆయన దగ్గర నేర్చుకున్నా. మొదటి వారం నలభై. తర్వాత అరవై. నాయన అరుస్తాడు, "సంపుతాండావు గదే! కన్నతండ్రి అనే కనికరం ల్యాదా నీకు! రాచ్చసివే నువ్వు!" నేను కూడా అరుస్తా, "అరువు, ఊరంతా విననీ! తట్టినప్పుడు పలుకు బాగుండె గదా, ఇప్పుడు పలుకు!" అమ్మ వాకిలి మూసి బయట కూర్చునేది. కోపంలో ఏదో అంటా, బస్సెక్కినాక కిటికీ పక్కన కూర్చోని ఏడుస్తా. వచ్చే ఆదివారం మళ్లీ అదే.

తొంభై వచ్చింది. నూరు వచ్చింది. నూటఐదు దగ్గర ఆగిపోయింది. రెండు నెలలు అక్కడే. డాక్టరు మంచిగానే చెప్పినాడు, ఈ వయసుకు ఇది బాగానే వచ్చినట్టు, కుర్చీలో కూర్చోని పని చేసుకోమనండి అని. చిన్నాయన చిన్న రాయిని బల్ల మీదికి ఎత్తించి, ముందర కుర్చీ వేసినాడు. నాయన పోయి కూర్చున్నాడు. ఉలి పెట్టినాడు, రెండు దెబ్బలు వేసినాడు, కింద పెట్టేసినాడు.

"కుర్చీలో కూర్చుంటే బరువు చేతిలోకి రాదురా. పైగా గుమాస్తా మాదిరి ఉండాది" అని లేచి వచ్చేసినాడు.

ఆంజనేయుడి కాలివేళ్లు చిన్నాయనే పూర్తి చేసినాడు. లారీ ఎక్కించే దినం నాయన షెడ్డు దిక్కు పోలేదు. ఆ తర్వాత తిట్టడం తగ్గించినాడు. నేను మోకాలు వంచుతాంటే మూలుగుతాడు, అంతే. ఆ మూలుగు నాకు తిట్ల కంటే అధ్వాన్నంగా ఉండె. నేను తిట్టినా తిరిగి తిట్టడు. చేతులు ఒళ్లో పెట్టుకోని, వేళ్లు మాత్రం ఉలి పట్టినట్టు కదిలిస్తా కూర్చునేవాడు. నాకు ఆ ఇంట్లో నిలబడబుద్ధయ్యేది కాదు, వచ్చేయబుద్ధయ్యేది కాదు.

పోయిన నెల ఒక ఆదివారం వంచుతాంటే, "ఆపు మే. చాల్లే. ఇంగ రాదు. రాయికి రావాల్సినంత వచ్చింది" అన్నాడు.

నేను మడమ వదిలేసినా. నేల మీద కూలబడినా. ఎట్లా మొదలుపెట్టినానో గుర్తులేదు, మాటలు వాటంతట అవే వచ్చేసినాయి. "నాయనా, నువ్వు నంద్యాలకు వచ్చిన దినం నాకు తెలుసు. నీ చిప్ప చీలిందని తెలుసు. నువ్వు లేచేటప్పుడే తెలిసింది. ఆ పొద్దు తీసుకోని పోయింటే కట్టు కట్టి పంపేవాళ్లు, ఇప్పుడు నువ్వు షెడ్లో కూర్చోనుండేవాడివి. నాకు పంతమొచ్చింది నాయనా. నువ్వు అడగాలని నోరు కట్టుకోని కూర్చున్నా. నీ కాలు పోగొట్టింది నేనే."

నాయన బోర్లా పడుకోనే ఉండాడు. ముఖం అటుపక్క. నేను అనుకున్నా, లేచి కొడతాడు, కొట్టనీ. లేకుంటే బయటికి పొమ్మంటాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు తెలుసని. నేను కుర్చీలో కూర్చుంటానే నీ కండ్లు మోకాలి మీదికి పోయినాయి. నీ కండ్లు నేను చూడలేదనుకుంటివా?"

నాయన మెల్లగా తల ఇటుపక్క తిప్పినాడు.

"మీ చిన్నాయన తట్టి బాగుండాదన్నాడు. వానికి అట్లా వినపడింది. నాకు మాత్రం లోపల అనుమానమే. నా మోకాలికి నేను చెవి పెట్టలేను గదా. నాలుగు దినాలు చూసినా. సంచి తీసుకోని బస్సెక్కినా. ఏం పనుండి వచ్చినాననుకున్నావు నంద్యాలకు?"

"నాయనా..."

"నువ్వు అందరినీ గద్దిస్తావు గదా. నన్ను గూడా గద్దిచ్చి, రెక్క పట్టుకోని ఈడ్చుకోని పోతావనుకున్నా. చూస్తా కూర్చున్నా. నువ్వు అంట్లు కడిగినావు."

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆయన మీదా, నా మీదా, ఎవరి మీదనో తెలియదు. "అడగచ్చు గదా! ఒక మాట! అడగందే అమ్మయినా పెట్టదు, నేను ఎట్లా..."

"ఎట్లా అడగాల మే? పదహైదేండ్లు ఫోటోలు ఫోటోలు అని నవ్వినోన్ని. ఏ మొహం పెట్టుకోని అడగాల?"

అమ్మ వాకిలి తీసి చూసి, మళ్లీ మూసింది. నాయన కండ్లు తుడుచుకోలేదు, బోర్లా పడుకోనుంటే నీళ్లు దిండుకే అంటుకున్నాయి. కొంచెం సేపటికి ఆ కాలిని తనంతట తానే ఎత్తి, మడమను నా చేతికి అందిచ్చినాడు.

"ఊ. పట్టుకో. వంచు. ఈసారి అరవను."

పట్టుకున్నా. నూటఐదు దగ్గర ఆగింది. ఆగినా వదలకుండా వంచినా. అరిచినాడు. ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచినాడు, ఆపమని మాత్రం అనలేదు.